వాగు అవతలి నల్ల శాలువా

దఫీన కుదురుగా కూర్చుని భోంచేయడం ఎగువ క్రుషాలో ఎవరూ చూసి ఎరగరు. ఒక చేతిలో రొట్టెముక్క, ఇంకో చేతిలో పచ్చి ఉల్లిపాయ పట్టుకుని గుమ్మంలో నిలబడి, నములుతూ వాగు అవతలికి చూస్తూ ఉండేది. నీ కాళ్ళ కింద నిప్పులేమైనా పోశారా అని అత్త వెలీక సణిగేది. ఆ సణుగుడు పూర్తయ్యేలోగా కోడలు గొర్రెల దొడ్డి దగ్గర ఉండేది, అక్కణ్ణుంచి ఆలుగడ్డల చేలో, అక్కణ్ణుంచి కట్టెల కోసం అడవి అంచున. పుట్టుకతోనే అంత అని కొందరూ, వాగు మూసేశాక అలా అయిందని కొందరూ అనేవారు. రెండు మాటల్లోనూ నిజం ఉంది.

ఎగువ క్రుషా ఈ కొండవాలు మీద, దిగువ క్రుషా ఎదుటి కొండవాలు మీద ఉంటాయి. మధ్యలో వాగు. ఎండాకాలంలో చెప్పులు తడవకుండా దాటేయవచ్చు. రెండు ఊళ్ళ మాటా ఒకటే, పెళ్ళిపాటలు ఒకటే, శోకాలు ఒకటే. మొదటి పెద్ద యుద్ధం అయ్యాక దూరదేశంలో ఎవరో గీసిన గీత వచ్చి ఆ వాగు మీద పడింది. దాంతో మా బోసిలెగ్రాద్ పట్నమూ దాని చుట్టూ ఉన్న కొండ ఊళ్ళూ బెల్‌గ్రేడ్ ఏలుబడిలోకి వచ్చాయి, దిగువ క్రుషా సోఫియా కింద ఉండిపోయింది. అయినా జనం ఆ గీతను అంతగా పట్టించుకోలేదు. అవతల గడ్డిభూములున్నవాళ్ళు చీటీ చూపించి వెళ్ళి గడ్డి కోసుకొచ్చేవాళ్ళు. పిల్లనిచ్చి పుచ్చుకోవడాలు ఎప్పటిలాగే సాగేవి. దఫీన అక్క కలీనను కూడా అలాగే దిగువ క్రుషాకు ఇచ్చారు. తల్లి సెవ్దా కూతురి కోసం రెండు చలికాలాలు మగ్గం ముందు కూర్చుని, ఎర్రంచు నల్ల ఉన్ని శాలువా నేసిచ్చింది.

అక్క పెళ్ళినాటికి దఫీనకు పన్నెండేళ్ళు. ప్రతి ఆదివారం తల్లి జున్ను పెట్టి పొరలు పొరలుగా కాల్చిన బానిత్సాను గుడ్డలో చుట్టి ఇస్తే, అది చల్లారేలోగా అక్క ఇంటికి చేర్చడం ఆ పిల్ల పందెం. పరుగున దిగడం, వాగులో రాళ్ళ మీదుగా గెంతడం, ఎదుటి వాలు ఎక్కడం. అక్క అత్తగారు తోనా గడపలో నిలబడి, ఇంకా వేడిగానే ఉందే అని మెచ్చుకునేది.

అలా రెండేళ్ళు గడిచాయి. తర్వాత బెల్‌గ్రేడ్‌కూ మాస్కోకూ చెడింది. సోఫియా మాస్కో పక్కన నిలిచింది. పెద్దల తగాదా సంగతి మా కొండల్లో ఎవరికీ సరిగ్గా అర్థం కాలేదు గానీ, ఒక వారంలో వాగు అవతలి గట్టు పొడవునా నేలను దున్ని పట్టీ తీశారు, అడుగు వేస్తే ముద్ర పడేలా. దాని వెనక ముళ్ళకంచె లేచింది. ఇవతల మనవాళ్ళు కావలి స్థావరం కట్టారు. ఇక ఎవరూ వాగు దిగకూడదని ఊళ్ళో చాటించారు.

ఆ ఆదివారం కూడా దఫీన బానిత్సా మూట పట్టుకుని బయల్దేరింది. పెద్దవాళ్ళ మాటలు పిల్లలకు వర్తించవనుకుంది. వాగు మధ్యలో ఉండగా తుపాకి పేలింది. గాల్లోకే కాల్చారు. ఆ పిల్ల మూట వదల్లేదు, వెనక్కి పరిగెత్తి గట్టెక్కింది. సాయంత్రం ఇద్దరు మనుషులు ఇంటికొచ్చి తండ్రి మిత్రేను తీసుకెళ్ళారు. చిన్నపిల్ల చేత అవతలికి ఏం పంపుతున్నావని అడిగారట. ఊరివాళ్ళు గడ్డికోతలు ముగించాక ఆయన తిరిగొచ్చాడు. ఏం జరిగిందో ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాత భోజనాల దగ్గర ఆయన చెంచా గిన్నెకు తగిలి టకటకలాడుతూ ఉండేది. దఫీన ఆ చప్పుడు భరించలేక తన గిన్నె తీసుకుని గుమ్మంలోకి వెళ్ళి నిలబడేది. నిలబడి తినడం అప్పుడే మొదలైంది.

వాగు దిగడానికి లేదు, అక్క చూస్తే ఎదుటి కొండ మీద చీమంత కనిపిస్తోంది. దఫీన ఓ ఉపాయం పన్నింది. మందలో ఓ పెంకి ఆడమేకకు కలీన అని పేరు పెట్టింది. వాగు పైని గడ్డివాలు దాకా మేపడానికి అనుమతి ఉండేది. అక్కడ నిలబడి గొంతెత్తి మేకను పిలిచేది.

"ఏయ్ కలీనా! నాన్న ఇంటికొచ్చాడే! ఈసారి ఆలుగడ్డలు బాగా పండాయే! నాకు పెళ్ళి కుదిరిందే, తాపీపని చేసే స్తోయిల్‌తో!"

కొండ ఆ మాటను అవతలికి చేరవేసేది. కాసేపటికి ఎదుటి వాలు మీద ఓ ఆడమనిషి తలగుడ్డ విప్పి గాలికి దులిపేది. విన్నానని అర్థం. కావలి కుర్రాళ్ళు దూరప్రాంతాలవాళ్ళు, మా మాట సరిగ్గా తెలియదు. ఈ ఊళ్ళో మేకలకు ఇన్ని కబుర్లు చెబుతారేమిటని వాళ్ళలో వాళ్ళు నవ్వుకునేవారు. వాళ్ళలో ఒకడు ఎముకలు కొరికే చలిలో ఆ మేకకు రొట్టెముక్క పెట్టి, కలీనా కలీనా అని ముద్దుగా పిలవడం కూడా నేర్చుకున్నాడు.

పెళ్ళయ్యాక దఫీన అదే ఊళ్ళో నాలుగిళ్ళ అవతలికి మారింది. స్తోయిల్ నిదానస్తుడు. మా మగవాళ్ళందరిలాగే మేలో జార్జి పండుగ వెళ్ళగానే తాపీ, తూకపుగుండు సంచిలో వేసుకుని బెల్‌గ్రేడ్ వెళ్ళి గోడలు కట్టేవాడు, మంచు పడబోయే ముందు దిమిత్రి పండుగకు తిరిగొచ్చేవాడు. ఇంట్లో ఉన్నప్పుడు పొయ్యి పక్కన కూర్చుని, అటూ ఇటూ తిరిగే పెళ్ళాన్ని చూస్తూ ఉండేవాడు. నాకు కళ్ళు తిరుగుతున్నాయే, కాసేపు ఆగు అనేవాడు. అంతకంటే ఎక్కువ ఎప్పుడూ అనలేదు.

పెళ్ళయిన రెండో చలికాలంలో సెవ్దా మంచం పట్టింది. ఊపిరి అందక ఎత్తు దిళ్ళకు ఆనుకుని కూర్చునేది. చివరి వారమంతా పెద్దకూతురి పేరే. కలీన వచ్చిందా, వాగు దాటనిచ్చారా అని అడిగేది. దఫీన తల్లికి పాలు పట్టి, వెంటనే వాలు మీదకు పరిగెత్తి, మేకను పిలిచి, అమ్మకు బాగోలేదని అరిచి, మళ్ళీ పరుగున వచ్చేది. అవతల ఎవరూ తలగుడ్డ దులపలేదు. మంచు తెర దట్టంగా ఉంది. మాట చేరిందో లేదో తెలియలేదు.

ఒక ఉదయం సెవ్దా పోయింది. అప్పటికి మంచు తెర విడిపోయింది. దఫీన మొహం కూడా కడుక్కోకుండా వాలు మీదకు వెళ్ళి, మోకాటిలోతు మంచులో నిలబడి అరిచింది. "కలీనా! అమ్మ పోయిందే! రేపు మధ్యాహ్నం వాగు దగ్గరకు తెస్తానే! గట్టు మీదకు రా!" ఈసారి ఎదుటి వాలు మీద తెల్లగుడ్డ ఒకటి కదిలింది.

వాగు దగ్గరకు తెస్తానన్నది గానీ ఆ సంగతి తండ్రితో సహా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చర్చీ, శ్మశానం ఊరికి పైవైపు ఉన్నాయి. శవాన్ని కిందికి దింపడం ఎవరూ విననిది. మర్నాడు శవపేటిక భుజాలకెత్తుకున్న నలుగురిలో ముందువైపు స్తోయిల్ ఉన్నాడు. పాదిరి అలెక్సి ధూపం ఊపుతూ నడుస్తున్నాడు. ఆయన పక్కన దఫీన, చచ్చిపోయినవాళ్ళ పేర పంచే ఉడికించిన గోధుమల పళ్ళెం పట్టుకుని. ఓ మొండి ఓక్ చెట్టు దగ్గర దారి రెండుగా చీలుతుంది, ఒకటి పైకి, ఒకటి వాగుకి. పాదిరి పైకి తిరిగాడు. దఫీన కిందికి తిరిగింది.

వెనక జనం ఆగిపోయారు. ఏమిటీ పిచ్చి, అందరినీ కాల్పించి చంపుతావా అని వెలీక గొంతు తగ్గించి తిట్టింది. దఫీన తిరిగి చూడలేదు, మంచులో దిగబడుతూ నడుస్తూనే ఉంది. స్తోయిల్ భుజం మీది బరువును కొంచెం సర్దుకుని, పక్కవాడితో, "అత్తగారిని ఇలా తిప్పండి" అన్నాడు. నిదానస్తుడి మాటకు ఎదురు చెప్పడం ఎవరికీ అలవాటు లేదు. పేటిక వాగువైపు తిరిగింది. పాదిరి ఒక్క క్షణం నిలబడి, ఆకాశం వంక చూసి, తనూ దిగాడు.

గడ్డివాలు చివర కావలి కుర్రాళ్ళు ఇద్దరు తుపాకులు అడ్డం పెట్టారు. పేటికను చూసి ఏం చేయాలో తెలియక వాళ్ళ స్థావరం పెద్దను పిలిచారు. ఆయన వచ్చేలోగా జనం పేటికను మంచు మీద దింపారు, మూత తీశారు. దఫీన ఎదుటి వాలు వంక చూసింది.

ముళ్ళకంచె వెనక, మంచు మీద, ఒంటరిగా ఓ ఆడమనిషి నిలబడి ఉంది. నల్ల శాలువా. దాని ఎర్రంచు అంత దూరానికీ కనిపించింది.

అప్పుడు దఫీన శోకం ఎత్తుకుంది. మా వైపు శోకంలో చచ్చిపోయినవాళ్ళతో మాట్లాడతారు. అమ్మా, పెద్దది వచ్చింది లేచి చూడవే, నువ్వు నేసిన శాలువా కప్పుకుని వచ్చింది, తలుపు తీయవే అని రాగం తీసింది. ఎదుట ఆ మనిషి రెండు చేతులూ ఎత్తి నేలకు వంగింది. లేచి మళ్ళీ వంగింది. దఫీన పాడినంతసేపూ వంగుతూ లేస్తూనే ఉంది. స్థావరం పెద్ద పరుగున వచ్చి, జనాన్ని చూసి, పేటికలో ముసలమ్మ మొహం చూసి, టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. శోకం ముగిశాక టోపీ పెట్టుకుని, ఇక వెళ్ళండి అన్నాడు. పాతిపెట్టాక మాత్రం దఫీనను పట్నానికి పంపించక తప్పలేదు.

అక్కడ ఆమెను ఒక గదిలో పెట్టి, అవతలి మనిషికి ఏం సైగలు చేశావని అడిగారు. మా అమ్మను చూపించాను అంది. వేరే జవాబు రాలేదు. గదిలో కూర్చోలేక చీపురు అడిగింది. గది ఊడ్చింది, వరండా ఊడ్చింది, సున్నం కనిపిస్తే గోడలకు వేసింది, రెండు రోజులకు అక్కడి మగాళ్ళు కాళ్ళు ఎక్కడ పెట్టాలో తెలియక విసుగెత్తారు. మంచు కరిగే రోజుల్లో ఇంటికి పంపేశారు. ఊళ్ళోకి వచ్చేసరికి మేక కలీనకు రెండు పిల్లలు పుట్టి ఉన్నాయి. ఇక ఆ వాలు మీద ఎవరూ మేపకూడదని కొత్త కట్టడి కూడా వచ్చి ఉంది.

ఆ తర్వాత పన్నెండేళ్ళు దఫీన ఆ ఒక్క దృశ్యంతో బతికిందంటే అబద్ధం కాదు. గొర్రెల ఉన్ని కత్తిరిస్తున్నా, మొక్కజొన్న సంకటి గెలుకుతున్నా ఆ నల్ల శాలువా వంగి లేవడమే కళ్ళముందు. వెలీక కూడా చివరికి మెత్తబడింది. మీ అక్క గుండె గల మనిషే, ప్రాణానికి తెగించి వచ్చింది అనేది. ఆ మాట విన్న రోజున కోడలు ఓ ముద్ద కూర్చుని తినేది.

పెద్దల కోపాలు కొంత చల్లారాయి. వేసవిలో ఒక ఆదివారం వాగు ఒడ్డున సంత పెట్టి, రెండు వైపులవాళ్ళనూ కలవనిస్తామని చాటించారు. ఆ రోజు ఉదయం నుంచే రెండు కొండల మీంచీ జనం ఉప్పెనలా దిగారు. వాగు పొడవునా మోకు కట్టారు. మోకు ఇవతల మనం, అవతల వాళ్ళు, మధ్యలో ఏడుపులూ గొర్రెపిల్ల మాంసమూ రకియా సారా సీసాలూ. సన్నాయీ డప్పూ ఒక పక్క మోగుతున్నాయి. ఎవరి పేర్లు వాళ్ళు అరుచుకుంటూ వెతుక్కుంటున్నారు.

దఫీనను కలీన పోల్చుకోలేదు. దఫీనే ముందు పోల్చుకుంది. అక్క లావైంది, పై పన్ను ఒకటి బంగారంది, జుట్టు పట్నం తరహాలో కత్తిరించుకుంది. వెనక పన్నెండేళ్ళ కుర్రాడు, మొగుడు పావెల్. మోకు మీదుగా ఇద్దరూ వాటేసుకున్నారు. తర్వాత ఇద్దరూ ఒకేసారి మాట్లాడారు. స్తోయిల్ జున్ను, మాంసం పరిచాడు. పావెల్ సీసా మూత తీశాడు. ఊళ్ళో మిరపకాయల దండల దగ్గర్నుంచి చచ్చిపోయినవాళ్ళ దాకా అన్నీ అయ్యాయి. చివరికి దఫీన, తను పన్నెండేళ్ళుగా దాచుకున్న మాట అంది.

"ఆ రోజు నువ్వు రాకపోయి ఉంటే నేను బతికేదాన్ని కాదక్కా. అమ్మ కూడా నేలలో కుదురుగా పడుకునేది కాదు."

కలీన చేతిలోని రొట్టె కింద పెట్టింది. మొగుడి వంక చూసింది. అతను సీసా వంక చూస్తున్నాడు.

"అది నేను కాదే" అంది.

దఫీనకు అర్థం కాలేదు.

"నేను రాలేదు. నీ కేక విన్నాను. అంతకుముందు అమ్మకు బాగోలేదన్నదీ విన్నాను. ఇతని అన్నను అప్పుడే పట్టుకుపోయారు. కడుపులో వీడు. భయమేసింది. మంచం కింద దూరి చెవులు మూసుకున్నాను. అత్తయ్య నా శాలువా తీసి కప్పుకుని వెళ్ళింది."

డప్పు మోగుతూనే ఉంది. దఫీన అక్క మొహంలోకి చూసింది, ఆ మొహంలో తను పన్నెండేళ్ళు చూసిన మనిషి కోసం వెతికింది. తర్వాత ఆమె కాళ్ళు ఆమెను అడక్కుండానే లేచాయి. తోనా అత్త ఎక్కడ అని అడిగింది. ముసలిది, మోకాళ్ళు పట్టేశాయి, ఇంటి దగ్గరే ఉంది అన్నాడు పావెల్. వెళ్ళకే, చూస్తారు అని కలీన చెయ్యి పట్టుకోబోయింది. దఫీన మోకు కింద నుంచి దూరి, జనంలోంచి తోసుకుంటూ వెళ్ళిపోయింది. ఆ రోజుకు కంచెలో తెరిచిన సందు దగ్గర కావలివాళ్ళు ఎవరి చుట్టమో ఇచ్చిన రకియా తాగుతున్నారు. ఆమె చిన్నప్పటి దారి ఆమె పాదాలకు గుర్తుంది.

తోనా అరుగు మీద కూర్చుని చిక్కుళ్ళు వలుస్తోంది. కళ్ళకు తెల్లపొర కమ్మింది. అడుగుల చప్పుడు విని తలెత్తింది.

"ఎవరే అది, అంత పరుగు?"

"సెవ్దా కూతుర్ని అత్తా. చిన్నదాన్ని."

"మేకకు కబుర్లు చెప్పే పిల్లవా?" అని ముసలమ్మ నవ్వింది. నోట్లో పళ్ళు లేవు. "వట్టి చేతులతో వచ్చావేమే? బానిత్సా ఏది?"

దఫీన రొప్పుతూ అరుగు మీద కూలబడింది. "నువ్వెందుకు వెళ్ళావత్తా?" అని అడిగింది.

తోనా వేళ్ళు చిక్కుళ్ళ మీద ఆగలేదు. "గట్టు ఖాళీగా కనిపిస్తే నువ్వు ఊరుకునేదానివా? వాగు దాటి వచ్చేదానివి. నిన్నూ అక్కడే పడుకోబెట్టేవాళ్ళు. నీ సంగతి నాకు తెలీదూ. అదీగాక సెవ్దా నా వియ్యపురాలు. పెళ్ళిలో నా చెయ్యి పట్టుకుని తెల్లారేదాకా ఆడింది. సాగనంపకుండా ఎలా ఉంటాను?"

"నిన్నేం చేశారు?"

"పిలిచి అడిగారు. వంగుతూ లేస్తూ ఏం సైగలు చేశావన్నారు. నడుం నొప్పికి వైద్యం అన్నాను. నాకింకేం చేస్తారే, అప్పటికే సగం పళ్ళు ఊడిపోయాయి."

దఫీన నవ్వబోయి ఏడ్చింది. తర్వాత గట్టిగా మొహం తుడుచుకుని, అక్క భయపడి రాలేదట కదా అంది.

"అది అలాగే అంటుంది. నేనే రానివ్వలేదు. గది గడియ వేశాను. కడుపుతో ఉన్న పిల్లను మంచులోకి పంపుతానా?" అంది తోనా. చాలా వేగంగా అంది, ఎప్పటినుంచో సిద్ధంగా పెట్టుకున్న మాటలా.

ఇద్దరిలో ఎవరి మాట నిజమో దఫీనకు తేలలేదు. అడగడానికి ఇంకా ఉంది. కానీ కింద వాగు దగ్గర బాకా ఊదారు, సంత ముగిసిందని. ఆమె వంగి ముసలమ్మ రెండు చేతులూ ముద్దుపెట్టుకుంది. ఆ చేతులు చిక్కుడు పసరు వాసన వేశాయి. పో, పో, పట్టుకుంటారు అని తోనా తోసింది.

దిగుతూ దిగుతూ కాలు మడతపడింది. కుంటుకుంటూ వాగులోకి దిగేసరికి మోకు దగ్గర జనం పలచబడ్డారు, అవతలి కావలివాడు ఒకడు నేరుగా ఆమె మొహంలోకి చూశాడు. ఎక్కడికెళ్ళావన్నాడు. పెద్దావిణ్ణి చూసొచ్చాను అంది. అతను చుట్టూ చూసి, తొందరగా దాటు అని వీపు తిప్పాడు. మోకు ఇవతల స్తోయిల్ ఆమె కోటు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇక అవతలే ఉండిపోతావనుకున్నాను అన్నాడు. కలీన వెళ్ళిపోయింది.

మరుసటి ఏడాది సంతకు దఫీన వెళ్ళలేదు. స్తోయిల్‌ను పంపింది, జున్ను ముద్ద ఒకటి అక్కకు, ఒకటి తోనాకు ఇచ్చి. ఆ పై ఏడాది కూడా అంతే. ఎందుకు వెళ్ళవని స్తోయిల్ అడగలేదు. ఆమెకు కూడా చెప్పడం చేతకాదు. కోపమా అంటే పూర్తిగా కోపం కాదు. పన్నెండేళ్ళు ఒకరికిచ్చిన ప్రేమను లాక్కుని ఇంకొకరికి ఇవ్వడం ఎలాగో తెలియలేదు. ఆ రోజుల్లో ఆమె మరీ తిరిగేది. ఒకరోజు అడవిపళ్ళు ఏరడానికి వెళ్ళి రెండు లోయల అవతల తేలింది. ఒక శరదృతువులో దిగువ క్రుషా చర్చి గంట అదేపనిగా మోగింది. అది ఎవరి కోసమో దఫీనకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. గోధుమలు ఉడికించి, ఎవరి పేరూ చెప్పకుండా వీధిలో అందరికీ పంచింది.

తొంభైల్లో కంచె తీసేశారు. పాస్‌పోర్టు చూపించి బస్సులో అవతలి పట్నం క్యుస్తెందిల్ వెళ్ళవచ్చు. కలీన అప్పటికి ఆ పట్నంలో నాలుగో అంతస్తులో ఉంటోంది. దఫీన అరవైకి దగ్గరపడ్డాక మొదటిసారి అక్క పట్నం ఇంటి గడప తొక్కింది. రెండు రోజులు బాగానే గడిచాయి. మూడో రోజు ఉప్పు మీద తగువొచ్చింది. అమ్మ బానిత్సాలో ఉప్పు వేసేది కాదని ఒకరు, వేసేదని ఒకరు. నీ మాటలో సెర్బు యాస వచ్చిందని అక్క ఎత్తిపొడిచింది. నీ మాటలో రేడియో యాస వచ్చిందని చెల్లెలు అంటించింది. మెట్లు దిగి, ఎక్కి, మళ్ళీ దిగి, ఆ ఇంట్లో నిలబడి తినడానికి గుమ్మం కూడా లేదని గొణుక్కుంటూ, దఫీన పొద్దుటి బస్సుకు వచ్చేసింది. ఇల్లు చేరే ముందు మాత్రం దారిలో దిగువ క్రుషా దగ్గర దిగి, తోనా సమాధి వెతికి, చుట్టూ పెరిగిన గడ్డి చేతులతో పీకి, పచ్చగా మరకలైన చేతులతోనే మళ్ళీ బస్సెక్కింది.

అప్పట్నుంచి నెలకోసారి వెళ్ళేది, నెలకోసారి తగువు పెట్టుకుని వచ్చేది. సరిహద్దు దగ్గర పాస్‌పోర్టులు చూసే అమ్మాయికి కూడా తెలిసిపోయింది. ఈసారి దేని మీద, బామ్మా అని అడిగేది. ఈసారి మిరపకాయల మీద అని దఫీన జవాబిచ్చేది.

స్తోయిల్ పోయాడు. పావెల్ కూడా పోయాడు. కలీన కొడుకు సోఫియాలో తీరిక లేని ఉద్యోగంలో ఉన్నాడు. ఒక వసంతంలో కలీన రెండు సంచులతో ఎగువ క్రుషాలో దిగింది. ఆ మెట్లు ఇక ఎక్కలేను అంది. ఉంటానని అడగలేదు, ఉండమని దఫీన కూడా అనలేదు. పొయ్యి పక్కన, స్తోయిల్ కూర్చునే చోట, కలీన కూర్చుంది. ఊళ్ళో అప్పటికి పొగ లేచే ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. అక్క కూర్చునే ఉండేది, చెల్లెలు తిరుగుతూనే ఉండేది. దఫీన పొద్దున్నే అక్క తల దువ్వి జడ వేసేది, నీళ్ళు తెచ్చేది, ఆలుగడ్డలు తవ్వేది, వచ్చి ఓ మాట ఎత్తిపొడిచి మళ్ళీ వెళ్ళేది.

రెండో చలికాలం మొదట్లో ఒక సాయంత్రం, దఫీన బూట్లు వేసుకుంటుంటే కలీన అడిగింది.

"ఆ రోజు సంగతి... నన్ను క్షమించావటే?"

దఫీన వంగి బూటు తాడు ముడి వేసింది. "ఏమోనక్కా. కొన్ని రోజులు క్షమించినట్టే ఉంటుంది, కొన్ని రోజులు ఉండదు" అంది.

"ఇవాళ?"

"ఇవాళ మంచు పడేట్టుంది. మేకల్ని లోపలికి తోలాలి."

అత్తయ్య అందరితో చెప్పినట్టు గడియేమీ వేయలేదు, నేనే వెళ్ళలేదు అని కలీన తనలో తను చెప్పుకున్నట్టు అంది. దఫీన విన్నది. తలుపు తీసింది, చలి గదిలోకి దూకింది. ఒక కాలు గడప అవతల పెట్టి ఆగి, "తెలుసులే" అంది. పొయ్యిలో ఇంకో కట్టె వేసుకో, దుప్పటి కప్పుకో, వస్తాను అని చెప్పి బయటికి నడిచింది.

మొదటి మంచుపొరలు రాలుతున్నాయి. మేకలు దొడ్డిలోకి రావడానికి ఒక పట్టాన ఒప్పుకోలేదు. ఆమె వాటి వెనక అటూ ఇటూ తిరుగుతూ, పేరు పేరునా తిడుతూ, పొద్దు వాలేదాకా బయటే ఉండిపోయింది.